మూడు మొక్కల్ని ఎరువేసి చంపుకున్నా: తోటలో వెర్బాస్కమ్ పెంచాలనుకునేవాళ్ళకి

ఈ రోజు ఎపిసోడ్ పొద్దున్నే ఏడింటికి మొదలుపెట్టాను. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది. నా వెనకాల చూడండి. నాకంటే జానెడు ఎత్తుగా, కొమ్మలు కొమ్మలుగా పైకి లేచి, ఒళ్ళంతా పసుపు పూలతో నిలబడింది కదా, దీని గురించే ఇవాళ మాట్లాడుకుందాం.

దీన్ని ఇంగ్లిష్‌లో మలిన్ అంటారు. అసలు పేరు వెర్బాస్కమ్. మొన్న మా అమ్మకి వీడియో కాల్‌లో "మలిన్ పూసింది" అని చెప్తే, "మల్లె అంత ఎత్తు పెరుగుతుందా అక్కడ?" అంది. మల్లెకీ దీనికీ ఏ సంబంధమూ లేదు, వాసన కూడా పెద్దగా ఉండదు. ఆకు మాత్రం ముట్టుకుంటే వదలబుద్ధి కాదు, కుక్కపిల్ల చెవిలా మెత్తటి నూగు. వెర్బాస్కమ్ అన్న పేరు కూడా లాటిన్‌లో గడ్డం అనే అర్థం ఉన్న మాట నుంచే వచ్చిందంటారు.

నేను ఉండేది ఇంగ్లండ్‌లో, లెస్టర్ దగ్గర. మట్టి ఎలాంటిదంటే, మన రేగడి నేల గుర్తు తెచ్చుకోండి. తడిస్తే కాలికి చెప్పులా అంటుకుంటుంది, ఎండితే బీటలు. ఇక్కడ ఏడాదిలో ఎక్కువ కాలం తడిసే ఉంటుంది. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, నా కథంతా ఈ మట్టి దగ్గరే ఉంది.

నాలుగేళ్ళ కిందట ఒక నర్సరీలో 'హెలెన్ జాన్సన్' అనే రకం చూశాను. రాగి చెంబు తోమాక వచ్చే రంగు ఉంటుంది చూడండి, దానికి కాస్త గులాబీ కలిపినట్టు పూలు. అక్కడే ఆగిపోయా. మూడు మొక్కలు కొన్నా. లేబుల్ మీద "హార్డీ పెరెనియల్" అని ఉంది. అంటే చలికి తట్టుకుని ఏళ్ళ తరబడి బతికేది అని కదా మనం అనుకుంటాం. ఇంటికొచ్చి పెద్ద గొయ్యి తీసి, బస్తాడు చివికిన గుర్రపు పేడ ఎరువు వేసి, మూడూ నాటా. రోజూ సాయంత్రం నీళ్ళు. మా ఊళ్ళో అమ్మ గులాబీలకి ఏం చేసేదో అదే చేశా, తేడా లేదు.

ఆకులు పళ్ళెమంత అయ్యాయి, అబ్బో అనుకున్నా. పూల వెన్నులు వచ్చాయి, కొంచెం గాలి రాగానే మూడూ పక్కకి వాలిపోయాయి. సరే, కర్రలు కట్టా. తర్వాత చలికాలం, ఇక్కడి చలికాలం అంటే మంచు కంటే వానే ఎక్కువ. మార్చిలో చూస్తే ఆకులన్నీ నల్లబడి ఉన్నాయి. ఒకదాన్ని పట్టుకుని కొంచెం లాగితే చేతిలోకి ఊడి వచ్చేసింది. మొదలు దగ్గర అంతా కుళ్ళి, ఎక్కువ ఉడికిన చామదుంపలా ఉంది. మూడూ అంతే. ముప్పై పౌండ్లు పోయాయి, అది వేరే విషయం. నాకు కోపం వచ్చింది ఆ లేబుల్ మీద. అక్కడికే వెళ్ళి అడిగితే, "చలి తట్టుకోలేకపోయి ఉంటుంది" అని ఇంకో మూడు అమ్మబోయారు!

చలి కాదు ఫ్రెండ్స్. తడి. ఇంకా చెప్పాలంటే, నేనే.

వెర్బాస్కమ్‌లో మూడు వందలకు పైగా జాతులున్నాయి. వాటిలో రెండు వందలకు పైగా ఒక్క టర్కీలోనే దొరుకుతాయి. అక్కడ అవి పెరిగే చోటు ఏంటంటే కొండవాలు, రాళ్ళు, సున్నపు నేల, ఎండాకాలంలో నెలల తరబడి చుక్క వాన ఉండదు. ఆకు మీద ఆ నూగు అందం కోసం కాదు. ఎండని కొంత వెనక్కి కొట్టడానికి, ఆకులోని నీళ్ళు గాలికి ఎగిరిపోకుండా ఆపడానికి. కింద తల్లివేరు ముల్లంగిలా లోతుకి దిగుతుంది. ఇలాంటి మొక్కకి గడ్డకట్టే చలి పెద్ద సమస్య కాదు. కానీ చలికాలమంతా వేరు చుట్టూ నీళ్ళు నిలబడితే మాత్రం కుళ్ళిపోతుంది. పైగా బలమైన ఎరువు వేస్తే మెత్తగా, గబగబా పెరిగి, నిలబడే శక్తి లేకుండా వాలిపోతుంది. మనం ప్రేమ అనుకుని చేసే రెండు పనులూ దానికి విషమే అన్నమాట.

ఇది నాకు బుర్రకెక్కింది ఎసెక్స్‌లో బెత్ షాటో తోట చూశాక. కొల్చెస్టర్ పక్కన ఉంటుంది. ఆవిడ 2018లో పోయారు, తోట ఇంకా ఉంది. అందులో గ్రావెల్ గార్డెన్ అని ఒక భాగం. ఒకప్పుడు అది కార్ల పార్కింగ్! ఇంగ్లండ్‌లో బాగా తక్కువ వాన పడే ప్రాంతం అది. 1990ల మొదట్లో అక్కడ మొక్కలు నాటి, తర్వాత నీళ్ళు పెట్టకుండానే పెంచుకుంటూ వచ్చారు. ఆ కంకరలోంచి వెండి రంగు ఆకుల మలిన్‌లు ఎంత ఠీవిగా లేచాయో చూసి, నా పేడ బస్తా గుర్తొచ్చి సిగ్గేసింది.

ఇంటికొచ్చి ఏం చేశానంటే, కారు పెట్టే చోటు పక్కన గోడ వారగా దక్షిణం ఎండ పడే జాగా ఉంది. అక్కడ పాత ఇటుక ముక్కలు, గ్రిట్, గులకరాళ్ళు, కొంచెం తోట మట్టి కలిపి అడుగున్నర ఎత్తు గట్టు వేశా. ఎరువు గుప్పెడు కూడా లేదు. మొక్క నాటాక మొదలు చుట్టూ రెండంగుళాల మందాన గులకరాళ్ళు పరిచా, వాన పడ్డా మొదలు పొడిగా ఉండటానికి. నాటిన మొదటి నెలన్నర మాత్రం వారానికోసారి నీళ్ళు, వేరు దిగేదాకా. ఆ తర్వాత కుళాయి వైపు చూడలేదు. నా వెనక ఉన్నది ఆ గట్టు మీదదే.

ఇప్పుడు ఏ రకం కొనాలి అనే ప్రశ్న. ఇక్కడే లేబుళ్ళు మోసం చేస్తాయి. లేదా సగం నిజం చెప్తాయి అనుకుందాం.

వెనక ఉన్నది ఒలింపికమ్. టర్కీలో బుర్సా దగ్గర ఉలుదా అనే కొండ ఉంది, పాతకాలంలో దాన్నీ ఒలింపస్ అనేవాళ్ళు, ఆ పేరే దీనికి వచ్చింది. రెండు మూడేళ్ళు నేలకి అతుక్కుని ఆకులు మాత్రమే పరుస్తుంది. తర్వాత ఒక వేసవిలో ఇలా దీపస్తంభంలా లేచి, వందల పూలు పూసి, గింజ కట్టి, చచ్చిపోతుంది. అంతే. మన అరటి చెట్టు ఒక్కసారి గెల వేసి పోయినట్టు. కాకపోతే అరటికి పిలకలుంటాయి, దీనికి గింజలే దిక్కు. బాంబిసిఫెరమ్ అని ఇంకోటి, ఆకులూ కాడా అన్నీ తెల్లటి ఉన్నితో చుట్టినట్టుంటాయి, అదీ అంతే, రెండేళ్ళ ఆట. 'పోలార్‌సమ్మర్' పేరుతో గింజలు అమ్ముతారు. ఇవి కొని, పూశాక చచ్చాయని బాధపడకండి, మీ తప్పేం లేదు. ఒక వెన్నుని ఎండి గింజ రాలేదాకా వదిలేయండి. కంకరలో వాటంతట అవే మొలుస్తాయి. చిన్నగా ఉన్నప్పుడే, అంటే అరచేతిలో సగం ఉన్నప్పుడే, కావలసిన చోటికి మార్చుకోండి. పెద్దయ్యాక మారిస్తే తల్లివేరు తెగి అలుగుతుంది.

నిజంగా పెరెనియల్ అనదగ్గది నాకు తెలిసి చైక్సై అనే జాతి. 'ఆల్బమ్' అనే రకం తెల్లపూలు, మధ్యలో వంకాయ రంగు కన్ను. మూడడుగులు పెరుగుతుంది. మొదటిసారి పెంచేవాళ్ళు దీంతోనే మొదలుపెట్టండి. 'హెలెన్ జాన్సన్'తో కాదు, నా మాట వినండి. ఫీనీషియమ్ ఇంకోటి, ఊదా రంగు, మే జూన్‌లో పూస్తుంది, మిగతావాటికంటే కొంచెం నీడ ఓర్చుకుంటుంది. నాలుగేళ్ళకి మించి ఉంటుందని ఆశ పెట్టుకోవద్దు, కానీ గింజ చాలా సులువుగా మొలుస్తుంది. గింజతో చేసేవాళ్ళు ఒక్కటే గుర్తుంచుకోండి. వెలుతురు తగలాలి. మట్టి పైన చల్లి, అరచేత్తో మెల్లగా అదమండి, కప్పేయొద్దు. కుండీ పెట్టే జాగా మాత్రమే ఉన్నవాళ్ళకి 'లెటీషియా' ఉంది, అడుగు కూడా ఎత్తుండదు, గుబురుగా పసుపు పూలు. దానికి చలికాలం వాన మీద పడకుండా చూరు కింద పెట్టాలి.

ఇక హైబ్రిడ్‌లు. రంగుల కోసం అందరూ పడి చచ్చేది వీటి కోసమే. 'గెయిన్స్‌బరో' అని లేత నిమ్మపండు రంగు, నాలుగడుగులు, ఆకు బూడిదరంగు ఆకుపచ్చ. 'హెలెన్ జాన్సన్' సరే. ఇవి పెరెనియల్ అని రాస్తారు. బాగా చూసుకుంటే మూడేళ్ళు, నాలుగేళ్ళు. అసలు చిక్కు ఏంటంటే ఇవి సాధారణంగా గింజ కట్టవు. రెండు జాతులు కలిసి పుట్టినవి కదా, గొడ్డుగా ఉంటాయి. ఒకవేళ కట్టినా ఆ పిల్ల తల్లిలా ఉంటుందన్న నమ్మకం లేదు. అంటే మీ దగ్గరున్న ఆ ఒక్క మొక్క పోతే మీ తోటలో ఆ రంగు పోయినట్టే. మళ్ళీ కొనాలి. అందుకే నేను ఇప్పుడు హైబ్రిడ్ కొన్న మొదటి చలికాలమే దాని వేరు తీసి దాస్తా. బ్యాకప్ అనుకోండి. ఫోన్ పోయేముందే ఫొటోలు క్లౌడ్‌లో పెట్టినట్టు.

వేరు ముక్కలు చేయడం ఇప్పుడు చూపించలేను, సీజన్ కాదు. జనవరిలో తీసిన క్లిప్ పక్కన వస్తుంది, చూస్తూ వినండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య, మొక్క నిద్రలో ఉన్నప్పుడు చేయాలి. మొక్కని మొత్తం పీకక్కర్లేదు. ఒక పక్క మట్టి జాగ్రత్తగా తీసి, పెన్సిల్ లావున్న వేరు ఒకటి రెండు కోయండి. మూడోది ఆశపడకండి, తల్లి బతకాలి కదా. మట్టి మళ్ళీ కప్పేయండి. ఆ వేరుని రెండంగుళాల ముక్కలు చేయండి. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది, నేనూ చేశా. కోశాక ఏది పైకొస ఏది కిందికొస అన్నది మర్చిపోతాం. తలకిందులుగా పెడితే మొలవదు. అందుకని మొదలుకి దగ్గరున్న కొసని తిన్నగా, కింది కొసని ఏటవాలుగా కోయండి. ఏటవాలు కొస మట్టిలోకి. మట్టి అంటే సగం కంపోస్ట్ సగం గ్రిట్. పైకొస మట్టితో సమానంగా ఉండాలి, పైన పలచగా గ్రిట్. ఒక్కసారి తడిపి, మంచు పడని చోట, చలిగానే ఉంచండి. హీటర్ పక్కన పెట్టకండి బాబూ.

తర్వాత ఒక ఆరు వారాలు ఏమీ కనపడదు. ఆ తర్వాత చిన్న ఆకులొస్తాయి. ఇక్కడ రెండో ప్రమాదం. ఆకు వచ్చింది కదా అని సంబరపడి నీళ్ళు పోస్తాం. ఆకు ముందొస్తుంది, కొత్త పీచువేళ్ళు తర్వాత వస్తాయి. అప్పటిదాకా ఆ ముక్క తనలో దాచుకున్నదే తింటూ ఉంటుంది, నీళ్ళు తాగలేదు. ఎక్కువ పోస్తే కుళ్ళుతుంది. కుండీ అడుగు రంధ్రంలోంచి వేరు తొంగి చూసేదాకా ఆగండి. మొన్న జనవరిలో 'గెయిన్స్‌బరో'వి ఎనిమిది ముక్కలు పెట్టా. ఐదు బతికాయి. మూడు పోయాయి, రెండు నా అతి నీళ్ళ వల్లే. మారలేదు నేను ఇంకా పూర్తిగా.

పూలయ్యాక ఆ వెన్నుని కింద ఆకుల దాకా కత్తిరించేస్తే, పెరెనియల్ రకాలు, హైబ్రిడ్‌లు చాలాసార్లు ఆగస్టులో మళ్ళీ చిన్న వెన్నులు వేస్తాయి. గింజ కట్టే శ్రమ తప్పడం వల్ల మొక్క ఇంకో ఏడాది నిలబడే అవకాశం కూడా పెరుగుతుంది. ఆకుల మీద బూడిద తెగులు వస్తే ఆ ఆకులు తీసేయండి, మొక్కల మధ్య గాలి ఆడనివ్వండి.

పురుగు సంగతి చెప్పాలి. జూన్‌లో మీ మలిన్ ఆకులు జల్లెడైపోయి కనిపిస్తే, తిరగేసి చూడండి. తెల్లటి ఒంటి మీద పసుపు పట్టీలు, నల్ల చుక్కలు ఉన్న గొంగళిపురుగు. మలిన్ మాత్ అంటారు. నిజం చెప్పాలంటే పురుగే మొక్కకంటే అందంగా ఉంటుంది. వేసవి మధ్యకి తిండి మానేసి మట్టిలోకి దిగి గూడు కట్టుకుంటుంది, కొన్ని ఒక్క ఏడాది కాదు, ఇంకా ఎక్కువ కాలం కూడా అక్కడే ఉంటాయి. నేను మందు కొట్టను. ఆ మందు పూల మీద పడితే తేనెటీగలు పోతాయి. 'గెయిన్స్‌బరో' మీద ఉన్నవాటిని గ్లవ్స్‌తో ఏరి, కంచె దగ్గర దానంతట అది మొలిచిన అడవి మలిన్ ఉంది, దాని మీద వదులుతా. వాటి ఇల్లు వాటికి, నా మొక్క నాకు. ఒలింపికమ్‌ని ఎలాగూ ఎంత తిన్నా పూర్తి చేయలేవు. ఇంకో అతిథి కూడా వస్తుంది, ఉల్ కార్డర్ బీ. ఆడ ఈగ ఆకు మీది నూగుని గీరి ఉండ చేసుకుని గూట్లోకి మోసుకుపోతుంది. ఒకసారి చూశారంటే వంట మర్చిపోతారు.

గ్లవ్స్ అన్నా కదా, సరదాకి కాదు. ఆ నూగు కొందరికి దురద పెడుతుంది, ఎండిన ఆకులు తీసేటప్పుడు ముక్కులోకి పోతే తుమ్ములే. మాస్క్ పెట్టుకోండి.

ఈ నూగుకి ఇంకో వాడకం ఉండేది. యూరప్‌లో పాతకాలంలో ఈ ఆకుల్ని ఎండబెట్టి దీపాలకి వత్తులుగా వాడేవాళ్ళు. ఎండిన కాడని జంతువుల కొవ్వులో ముంచి కాగడాలా వెలిగించేవాళ్ళు. జర్మన్‌లో దీని పేరుకి అర్థం "రాజుగారి కొవ్వొత్తి". లిక్నైటిస్ అనే జాతి ఉంది, ఆ పేరు గ్రీకులో దీపం అనే మాట నుంచి వచ్చిందే. పోయిన కార్తీక మాసంలో నేనూ ఒక ఎండుటాకు నలిపి వత్తి చేసి నువ్వుల నూనెలో వెలిగించా. వెలిగింది, పొగ కూడా అంతే వచ్చింది. పత్తి వత్తే బెటర్.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఒక మాట, ఇది సీరియస్. నేను పైన చెప్పిన "గింజ రాలనివ్వండి" అనే సలహా మీకు కాదు. అడవి మలిన్, అంటే థాప్సస్, వలస వచ్చిన యూరోపియన్లతో అక్కడికి చేరింది. ఒక్క మొక్క లక్షకు పైగా గింజలు రాల్చగలదు. కొలరాడోలో అది అధికారిక కలుపు జాబితాలో ఉంది, హవాయిలో మౌనా కియా కొండ మీద కూడా పట్టుకుంది. ఆ గింజ ఎంత మొండిదో చెప్తా. మిషిగన్‌లో విలియం బీల్ అనే ప్రొఫెసర్ 1879లో ఇరవై సీసాల్లో ఇసుకతో కలిపి రకరకాల కలుపు గింజలు పోసి, భూమిలో పాతిపెట్టారు. ఎన్నేళ్ళ తర్వాత మొలుస్తాయో చూద్దామని. ఆయన పోయారు, తర్వాతి తరాలవాళ్ళు ఒక్కో సీసా తవ్వుకుంటూ వస్తున్నారు. 2021 ఏప్రిల్‌లో, గింజలకి వెలుతురు తగలకూడదని ఇంకా తెల్లారకముందే, పదహారో సీసా తీశారు. నూట నలభై ఏళ్ళు దాటాక కూడా మొలిచినవి ఏవి? మలిన్‌లే! బ్లాటేరియా అనే జాతి, వాటిలో ఒకటి బ్లాటేరియాకీ థాప్సస్‌కీ పుట్టిన హైబ్రిడ్ అని డీఎన్‌ఏలో తేలింది. అంటే మీరు ఈ ఏడాది బద్ధకించి రాలనిచ్చిన గింజ మీ మునిమనవడి కాలంలో కూడా మొలవచ్చు. కాబట్టి అమెరికాలో గింజ కట్టని హైబ్రిడ్‌లు పెట్టుకోండి, వేరు ముక్కలతో పెంచుకోండి. మిగతావి పెడితే పూలవ్వగానే వెన్ను కోసి, సంచిలో కట్టి చెత్తలో వేయండి. కొనేముందు మీ స్టేట్ కలుపు జాబితా ఒకసారి ఫోన్‌లో చూసుకోండి, రెండు నిమిషాల పని.

హైదరాబాద్, విజయవాడ నుంచి చూసేవాళ్ళు అడుగుతారని తెలుసు, "మేం పెంచొచ్చా?" ఈ తోట రకాలు వద్దండీ. వీటిలో చాలావాటికి పూత రావాలంటే చలికాలం చలి తగలాలి, ఆపైన మన ఆగస్టు వానలకి మొదలు కుళ్ళిపోతుంది. గింజల ప్యాకెట్ మీద డబ్బు పెట్టకండి. కానీ మీకు ఒక చుట్టం ఉంది. పొలం గట్ల మీద, తడి ఆరుతున్న మళ్ళలో, చిన్న పసుపు పూలతో సన్నగా లేచే కలుపు మొక్క ఒకటుంది. దాని శాస్త్రీయ నామాల్లో ఒకటి సెల్సియా కోరమాండెలియానా. మన కోరమాండల్ తీరం పేరే! ఇప్పుడు దాన్ని వెర్బాస్కమ్‌లోనే కలిపేశారు. చలికాలం చివర్లో ఊరెళ్ళినప్పుడు గట్టు మీద చూడండి. ఐదు రేకులు, మధ్యలో కేసరాల కాడలకి నూగు. ఆ నూగు చూస్తే గుర్తుపట్టేస్తారు.

సరే, ఇప్పుడు కెమెరా మళ్ళీ ఒలింపికమ్ వైపు తిప్పుతున్నా. మధ్యలో వానొచ్చి రెండుసార్లు ఆపాం, ఇప్పుడేమో ఎండ కాస్తోంది, పన్నెండు దాటింది. పొద్దున్న విచ్చుకుని ఉన్న పూలు చూడండి, ముడుచుకుపోతున్నాయి. వీటిది పొద్దుటి డ్యూటీ. రేపు తెల్లారేసరికి ఈ వెన్ను మీదే కొత్తవి విచ్చుకుంటాయి. నేను వెళ్ళి ఆ ఐదు 'గెయిన్స్‌బరో' పిల్లల్ని గట్టు మీద నాటాలి. నాలుగే నాటుతా, ఐదోది పక్కింటావిడకి మాటిచ్చా. ఆవిడ చేతిలో ఇప్పటికే ఎరువు బస్తా ఉంది, ముందు దాన్ని లాక్కోవాలి. ఉంటాను మరి, బై.